ఎండాకాలం సెలవులు – పిల్లల చేతిపనులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం తరగతుల గురించి నాలుగు మాటలు చెప్పండని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. నాలుగు మాటలతో తేలే సంగతి కాదు గాని, భోజనాల వేళ మించిపోకుండా చూసుకుంటాం.

ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. తరగతులు ముగిసిన రోజున పిల్లలు చేసిన వస్తువులన్నీ షాదీఖానా హాల్లో బల్లలమీద పేర్చి పెట్టాం గదా. చూడవచ్చిన వాళ్లలో సగంమంది అడిగింది ఒకటే మాట. "ఇవి ఎంతకు అమ్ముతారండీ?" అని. అభిమానంకొద్దీ అడిగిన మాటే అది. సంఘానికి నాలుగు డబ్బులొస్తాయి, పిల్లలకూ హుషారుగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం. మేము ఒక్క వస్తువైనా అమ్మలేదు. ఎవరు చేసింది వాళ్లకే ఇచ్చి ఇంటికి పంపాం. ఎందుకు అమ్మలేదో చెప్పటమే ఈ పూట మాకు ముఖ్యమైన పని. మిగతాదంతా ఆకులు, జిగురు, రంగునీళ్ల కథ.

అసలు తరగతులు మొదలుపెట్టక ముందే మాకు ఎదురుదెబ్బ తగిలింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడిగినప్పుడు ఒక పెద్దాయన, జీవితమంతా దూదేకి పరుపులు కుట్టినవాడు, గుమ్మంలోనే నిలబెట్టి అడిగేశాడు. "నా చేతులు చూడండి బాబూ. వీటితో నేను పడ్డది చాలదా? నా మనవడికి కూడా చేతిపనే నేర్పుతారా? చేతనైతే ఇంగ్లీషు నేర్పండి, కంప్యూటరు నేర్పండి" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర చప్పున జవాబు లేకపోయింది. ఆ మాటలో న్యాయం ఉన్నది గనుక.

మన వీధులు చూడండి. దూదేకినవాళ్లు, పాత్రలకు కళాయి వేసినవాళ్లు, పెడన వెళ్లి అద్దకం బల్లల దగ్గర నిలబడినవాళ్లు, బీడీలు చుట్టిన తల్లులు, సైకిలు షాపులు, వెల్డింగు షెడ్లు. మన ఇళ్లలో చేతిపని అంటే ముచ్చటగా చేసుకునే పని కాదు, అన్నం. అదీ చాలీ చాలని అన్నం. డబ్బున్నవాళ్ల పిల్లలకు 'సమ్మర్ క్యాంపు' పేరుతో మట్టిబొమ్మలు చేయిస్తే అది వినోదం అనిపించుకుంటుంది. మన పిల్లాడి చేతికి అదే మట్టి అంటితే, అయ్యో వీడూ మన బతుకులోకే వస్తున్నాడని తల్లి గుండె జారుతుంది. ఈ తేడా తెలియకుండా చేతిపనుల గొప్పతనంమీద ఉపన్యాసాలు ఇస్తే వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

కాని అయ్యా, ఇందులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పిల్లాడు పని నేర్చుకోవటం వేరు, పిల్లాడిచేత పని చేయించుకోవటం వేరు. మొదటిది చదువులో భాగం. రెండోది చదువుకు శత్రువు. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి. అదే చిక్కు.

ఈ చిక్కును మనకంటె ముందే చూసిన మహనీయుడు ఒకాయన ఉన్నారు. 1897లో మన హైదరాబాదులో పుట్టి, ఢిల్లీ జామియా మిల్లియాను ఏళ్లతరబడి నడిపి, 1967లో భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారి ఆధ్వర్యాన విద్యాసభ జరిగింది. ఏడేళ్లనుంచి పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ ఉచితంగా, మాతృభాషలో, ఒక చేతిపనిని కేంద్రంగా పెట్టుకుని చదువు చెప్పాలని అక్కడ అనుకున్నారు. ఆ చదువుకు ప్రణాళిక రాసే సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్ గారే. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చులో కొంతైనా రాబట్టాలన్నది గాంధీగారి కోరిక. అదే సంవత్సరం డిసెంబరులో ఇచ్చిన నివేదికలో జాకిర్ హుసేన్ గారి సంఘం ఆ ప్రణాళికను సమర్థిస్తూనే ఒక హెచ్చరిక కూడా చేసింది. డబ్బు లెక్కమీద చూపు పడితే చదువు వెనకబడుతుందనీ, పిల్లలనుంచి వీలైనంత పని పిండుకోవటంమీదే ఉపాధ్యాయుడి ధ్యాస పోయే ప్రమాదం ఉన్నదనీ ఆ హెచ్చరిక సారాంశం. చేతిపనిని అంతగా నమ్మినవాళ్లే ఆ భయం పెట్టుకున్నారంటే ఆలోచించాలి. షాదీఖానా హాల్లో బల్లలమీద ధర చీటీలు పెట్టకపోవటానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం ఇంకా దగ్గరిది. చట్టం సంగతి. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 2016లో దాన్ని సవరించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. బాగుంది. అయితే అందులోనే ఒక సందు ఉంచారు. ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో పిల్లలు ఇంటివాళ్లకు సాయం చెయ్యవచ్చు, బడి గంటల తర్వాత గాని, సెలవుల్లో గాని. సెలవుల్లో అనే మాట దగ్గర కాస్త ఆగండి. చట్టం దృష్టిలో సెలవులంటే పిల్లాడు సాయానికి దొరికే కాలం. మన వీధుల్లోనూ అంతే. ఏప్రిల్ నెలాఖరున బడి మూస్తారు. "ఊరికే తిరుగుతున్నాడు, రెండు నెలలు షెడ్డులో కూర్చోబెట్టండి, పనన్నా వస్తుంది" అంటాడు తండ్రి. జూన్ 12 దాకా పిల్లాడు స్పానర్లు అందిస్తాడు. సాయంత్రానికి చేతిలో యాభయ్యో వందో పడుతుంది. ఆ నోటు రుచి చూసినవాడు జూన్‌లో బడికి వెళ్లి ఎక్కాలు చెబుతాడా? వెళ్లినవాళ్లూ ఉన్నారు. వెళ్లనివాళ్ల ఇళ్లు మనందరికీ తెలుసు, పేర్లు చెప్పం. ఆరేళ్లనుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు అని చెప్పే చట్టం 2010 నుంచి అమలులో ఉన్నది. ఆ హక్కు మన ఇళ్లలో జారిపోయేది ఎక్కువగా ఈ యాభై రోజుల్లోనే.

సన్నపని చిన్న చేతులకే వస్తుందని ఒక పాత అబద్ధం కూడా ఉన్నది. తివాచీ ముళ్లకు చిన్నవేళ్లే కావాలన్నారు. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూరు, భదోహీ వైపు తివాచీ మగ్గాలమీద పిల్లల్ని కూర్చోబెట్టిన సంగతి దేశదేశాల్లో రచ్చ అయి, బాలలు నెయ్యని తివాచీకి 'రగ్‌మార్క్' అనే ముద్ర వెయ్యటం 1994లో మొదలుపెట్టారు. దూరమెందుకు, 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో గాజుల కార్ఖానాలనుంచి రెండువందలమందికి పైగా పిల్లల్ని పోలీసులు బయటికి తెచ్చారు. చాలామంది బీహారునుంచి తీసుకువచ్చిన పసివాళ్లు. లాడ్‌బజారులో ఆ గాజులు మిలమిల మెరుస్తుంటే మనమూ కొన్నాం. ఇవన్నీ తలుచుకున్నాకనే మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఎండాకాలం తరగతిలో పిల్లాడు చేసిందేదీ బజారుకు వెళ్లదు. ఆర్డరు తీసుకోం. ఒకే వస్తువు పది చేయించం.

ఇక తరగతి సంగతి. పొద్దున ఏడింటికి మొదలు, పదింటికి ముగింపు. ఆ తర్వాత హాలు రేకులు కాగి నిప్పులగుండం అవుతుంది. పిల్లలు మొదటిరోజు పద్దెనిమిదిమంది, వారం తిరిగేసరికి నలభైకి వచ్చారు. ఎనిమిదేళ్లనుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. మన పిల్లలే కాదు, పక్కవీధులనుంచి అన్ని ఇళ్ల పిల్లలూ వచ్చారు. రావద్దని చెప్పే ఉద్దేశం మాకు లేదు, చెప్పినా పిల్లలు వినరు.

మొదటి వారం తాటాకు, కొబ్బరాకు. ఖర్చు సున్నా. కొబ్బరాకుతో బూర, గాలిమర, చేతి వాచీ, కళ్లజోడు. ముంజెల కాలం గనుక ముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలు రెండు తీసుకుని, మధ్యకు ఒక పుల్ల గుచ్చి, చివర పంగ ఉన్న కర్రతో తోస్తే బండి. ఇది నేర్పవలసిన అవసరం ఉంటుందని మేము అనుకోలేదు. ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల్లో ముంజెల బండి తెలియనివాళ్లు పదిమందికి పైనే తేలారు! కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఒక తండ్రి కొడుకు బండి తోస్తున్న వీడియో చూసి, "నేను దీన్ని మసీదు వీధి చివరిదాకా తోసేవాణ్ణి, నీది మలుపు తిరుగుతుందా?" అని అడిగాడట. తిరగదు. ఇరుసు రెండువైపులా ఒకే పుల్లకు బిగిసి ఉంటే మలుపు దగ్గర ఒక చక్రం ఈడ్చుకుంటుంది. ఎందుకు ఈడ్చుకుంటుందని పిల్లలు రెండు రోజులు కొట్టుకున్నారు. చివరికి ఒకడు పుల్లను అలాగే ఉంచి బుర్రల రంధ్రాలు పెద్దవి చేశాడు. చక్రాలు దేనికది తిరిగాయి. మెకానిక్ షెడ్డులో రెండేళ్లుంటే వాడికి ఈ సంగతి తెలిసేదే. కాని అక్కడ 'ఎందుకు' అని అడిగితే వీపుమీద పడుతుంది.

తాటాకు అల్లికకు లేత మొవ్వాకు కావాలి. ముదురాకు విరుగుతుంది. ఆకు ఎండిపోకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. చెట్టుకు ఒకటికంటె ఎక్కువ మొవ్వు కొయ్యవద్దని మా పట్టు. చాప అల్లేటప్పుడు ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండో వరసలో తారుమారు. ఒక్క ఆకు తప్పితే నాలుగు వరసల తర్వాత బయటపడుతుంది, అప్పుడు మళ్లీ నాలుగు వరసలు విప్పాలి. లెక్కల్లో తప్పును మాస్టారు ఎర్రసిరాతో చూపిస్తే పిల్లాడు మొహం చిన్నబుచ్చుకుంటాడు. తాటాకు చూపిస్తే మాట్లాడకుండా విప్పుకుంటాడు.

రెండో వారంనుంచి అద్దకం. మా తరగతి మొత్తానికి ప్రాణం ఇదే, అందుకని కాస్త విస్తరించి చెబుతాం.

2022లో జిల్లాలు విడదీయక ముందు కొండపల్లి బొమ్మలూ, పెడన అద్దకమూ ఒకే కృష్ణా జిల్లావి. బందరు రేవునుంచి ఈ అద్దకం బట్టలు ఓడలెక్కి పారశీక దేశానికీ, ఐరోపాకూ వెళ్లాయి. గోల్కొండ నవాబుల కాలంలో ఆ వ్యాపారం బాగా పెరిగింది. 'కలంకారీ' అనే పేరే పారశీకం. కలంతో చేసే పని అని అర్థం. తమాషా ఏమంటే, కలంతో గీసేది శ్రీకాళహస్తిలో, పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. పేరు మాత్రం రెంటికీ ఒకటే. మన ఇళ్లలో పెడన పనికి పోయినవాళ్లు ముగ్గురు నలుగురున్నారు. వాళ్లలో ఒక చాచా, ఇప్పుడు కళ్లు ఆనక ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన్నే పిలిచాం. మొదట రానన్నాడు. "నేనేం మాస్టర్నా?" అన్నాడు. ఆయన భార్యే ముందుండి పంపించింది.

ఆయన చేయించిన విధానం ఇది. పాత నూలుపంచె ముక్కల్ని గంజి పోయేలా ఉతికి ఆరేశారు. కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో కాసిని పాలు పోసి, అందులో నానబెట్టి మళ్లీ ఆరేశారు. పాలలోని జిడ్డువల్ల రంగు పక్కలకు పాకదు. బట్ట లేత పసుపురంగుకు తిరిగింది. ఇక నల్లరంగు. అది కొట్లో కొన్నది కాదు. తుప్పుపట్టిన మేకులు, పాత గుర్రపునాడా ముక్క, బెల్లం, నీళ్లు, ఇంతే. మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, మూడు వారాలు మూలన పెట్టాడు. తీసేటప్పటికి పుల్లటి వాసన. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అందులో చూస్తే నలుపు లేదు! మురికినీళ్లలాగా బూడిదరంగుగా ఉన్నాయి. "చాచా, ఇది నలుపెట్లా అవుతుంది?" అని గోల.

ఆయన మాట్లాడలేదు. బెండకాయ తొడిమ దగ్గర కోసి, ఆ కోసిన వైపు కుండలో ముంచి బట్టమీద అద్దాడు. ఐదు మూలల పువ్వు పడింది. పిల్లల కళ్లముందే బూడిదరంగు నలుపుకు తిరిగింది. ఆ క్షణాన హాల్లో పుట్టిన చప్పుడు మీరు వినవలసింది. అదే నీళ్లు కరక్కాయ పట్టించని ఉత్త బట్టమీద అద్దించాడు. చప్పగా తుప్పు మరకలాగా ఉండిపోయింది. కరక్కాయలోని వగరూ, మేకుల్లోని ఇనుమూ కలిస్తేనే నలుపు. రెంటిలో దేనికీ విడిగా నలుపు లేదు. ఒకప్పుడు దస్తావేజులు రాసిన సిరా ఇలా కరక్కాయా ఇనుమూ కలిపి చేసుకున్నదే. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "ఇది మా కెమిస్ట్రీ పుస్తకంలో ఉండవలసింది గదా" అన్నది. ఉండవలసిందే.

ఎరుపు ఇంకా తమాషా. పటిక నీళ్లలో తుమ్మజిగురు కలిపి అద్దుతారు. అద్దినప్పుడు ఏ రంగూ కనపడదు. ఎక్కడ అద్దామో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత బట్టను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వేసిన నీళ్లలో కాచితే పటిక ఉన్నచోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం చిరివేరు వేసేవారు. ఆ వేరు దొరకటం కష్టమై కార్ఖానాల్లో అలిజరిన్ వాడుతున్నారు. పొయ్యి పని మాత్రం పెద్దవాళ్లదే. పిల్లల్ని నాలుగడుగుల దూరాన కూర్చోబెట్టాం. పిల్లలు పటికతో గుట్టుగా పేర్లు రాసుకున్నారు. రెండో రోజు కాచి తీసినప్పుడు ఎవరు ఎవరిమీద ఏం రాశారో అంతా బయటపడింది. రెండు చిన్నతరహా తగాదాలు కూడా అయ్యాయి.

ఆ నాలుగు రోజుల్లో చాచా మారిపోయాడు. ముప్పై ఏళ్లు బల్ల దగ్గర నిలబడి గజానికింత చొప్పున కూలి తీసుకున్న మనిషి. తన పనిలో ఇంత విద్య ఉన్నదని ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పిల్లలు అడిగారు. 'పాలెందుకు? బర్రెపాలే ఎందుకు? పారే నీళ్లే ఎందుకు?' కొన్నింటికి ఆయన దగ్గర జవాబు ఉన్నది, కొన్నింటికి "మా ఉస్తాదు అట్లా చెప్పాడు" అనేవాడు. మొదట్లో గుమ్మంలో మమ్మల్ని నిలదీసిన పరుపుల పెద్దాయన ఈ సంగతి విని మూడో వారంలో తానే వచ్చాడు. అటకమీదనుంచి దూదేకే విల్లు దింపి, దుమ్ము దులిపి పట్టుకొచ్చాడు. నారి మీటితే హాలంతా మోగింది. ముద్దకట్టిన పాత దూది ఎలా పొంగి పొగలాగా లేస్తుందో చూపించాడు. దూది నుసి ఊపిరికి మంచిది కాదు గనుక పిల్లల్ని కిటికీ అవతల నిలబెట్టాం. "నేను అప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు బాబూ, ఇప్పుడు దగ్గుతున్నా" అని ఆయనే చెప్పాడు. ఏ పాఠంలోనూ ఇంత సూటిగా చెప్పలేదు మేము. దర్జీ షాపులనుంచి తెచ్చిన పీలికలతో పిల్లలు ఒక బొంత కుట్టారు. ఒక్కొక్కరు జానెడు చదరం. ఒకటి వంకర, ఒకటి పొట్టి. ఆయన వాటిని సరిచెయ్యనివ్వలేదు, అలాగే కలిపి కుట్టాడు. మనవడు పక్కనే కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చాడు.

కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేసి, కీళ్ల దగ్గర చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపి మక్కు పెడతారు. ఆ కొయ్య మనకు దొరకదు, ఉలి పిల్లల చేతికివ్వం. కాని ఆ మక్కు బంగారం. వడ్రంగి షెడ్డులో రంపపుపొట్టు ఊరికే ఇచ్చారు. చింతగింజలు వేయించి, తొక్క తీసి, నానబెట్టి రుబ్బటం ఒక్కటే శ్రమ. దాంతో చిలకలు, పళ్లు, ఒంటెలు చేశారు. ఒంటె మెడ విరగకుండా లోపల చీపురుపుల్ల పెట్టాలి. అట్టపనికి మైదా జిగురు వాడాం. బైండింగు పనివాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లల తరగతిలో దాన్ని గుమ్మం దాటి రానివ్వకూడదు. జిగురు ఏ పూటది ఆ పూట చేసుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి. అరవింద్ గుప్తా గారని, కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, 1970ల చివర మధ్యప్రదేశ్‌లో హోషంగాబాదు పల్లెబడుల సైన్సు కార్యక్రమంలో పనిచేసి, పారేసిన వస్తువులతో పిల్లల ఆటబొమ్మలు చెయ్యటమే వృత్తిగా పెట్టుకున్నాయన. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు, ఈ రెంటితో ఆయన చూపించిన బొమ్మలు మన సైకిలు షాపు పిల్లాడు అరగంటలో పట్టేశాడు. అగ్గిపుల్లల తలలు ముందే గీకివెయ్యాలి సుమా. నాలుగు పుల్లల చదరాన్ని నొక్కితే ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రికోణం ఒరగదు. వెంటనే పిల్లలంతా తలలెత్తి హాలు పైకప్పు చూశారు. రేకుల కింద ఇనుప కమ్మీలన్నీ త్రికోణాలే.

సెల్‌ఫోను మాన్పించటానికి ఈ తరగతులా అని కొందరు తల్లులు అడిగారు. దానికోసం కాదు. ఫోను మంచిచెడ్డలు వేరే సభలో మాట్లాడుకుందాం. రెండు చేతులకూ జిగురుంటే ఫోను ముట్టుకోరు, అంతవరకు లాభమే.

బహుమతులు పెట్టలేదు. ఫస్టు, సెకండు లేవు. కార్యవర్గంలో దీనిమీద గట్టి చర్చే జరిగింది. పోటీ లేకపోతే పట్టుదల రాదన్నవాళ్లున్నారు. మేము చూసినంతలో, బల్లమీద పక్కవాడి ఒంటె చూసి తన ఒంటె మూపురం మళ్లీ చేసుకున్నవాళ్లే ఎక్కువ. కత్తెరలు ఆరే ఉన్నందువల్ల అడిగి తీసుకోవటం, తిరిగి ఇవ్వటం అలవాటైంది. ముప్పై కత్తెరలు కొనిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. వారికి కృతజ్ఞతలు. పది చాలునని మనవి.

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె తరగతికి వచ్చేది. చేతిలో సూది ఉంటే ఆ పిల్లకు లోకం తెలియదు. బొంతలో తన చదరంమీద అద్దం ముక్కలు పెట్టి ఒక నెమలి కుట్టింది. బల్లమీద దాన్ని చూసిన ఒక దుకాణందారు మర్నాడే వాళ్ల ఇంటికి వెళ్లాడు. జాకెట్లకు మగ్గం వర్కు ఇస్తాననీ, ముక్కకింత చొప్పున ఇంటికే తెచ్చి పోస్తాననీ అన్నాడు. తల్లి మా దగ్గరకు వచ్చింది. తండ్రి లేడు. అద్దె బాకీ ఉన్నది. "బయటికి పంపను, ఇంట్లోనే చేస్తుంది, చట్టం కూడా ఒప్పుకుంటుందట గదా అన్నా" అని అడిగింది. ఆ దుకాణందారు ఆమెకు చట్టం కూడా చెప్పిపెట్టాడన్నమాట! బయటివాడు ముక్కకింతని ఇచ్చే పని ఇంట్లో చేసినంతమాత్రాన కుటుంబ వృత్తి అయిపోదని మేము చెప్పాం. కాని ఆమె అడిగింది చట్టం గురించి కాదు, అద్దె గురించి.

రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఆ వర్కు తల్లే నేర్చుకుని తల్లే చెయ్యాలని, నేర్పించే ఖర్చూ, మగ్గం చట్రమూ సంఘం చూడాలని, మూడు నెలల అద్దె సాయం నిధినుంచి ఇవ్వాలని తీర్మానించాం. పిల్ల జూన్‌లో ఏడో తరగతికి వెళ్లింది. తల్లి చేతి పని ఇంకా పూర్తిగా కుదరలేదు. దుకాణందారు కూతురి పనే కావాలని అడుగుతూనే ఉన్నాడు. తల్లి ఎంతకాలం కాదనగలదో మాకు హామీ లేదు. రాత్రిళ్లు ఆ పిల్ల తల్లికి సాయం చేస్తున్నదా అంటే, చేస్తూ ఉండవచ్చు. మేము కిటికీలోంచి తొంగి చూడం. ఆ పిల్ల బడి హాజరు మాత్రం నెలకొకసారి కనుక్కుంటున్నాం. అలాంటి ఇళ్లు మన వీధుల్లో ఇంకా మూడున్నాయి. సాయం నిధికి చందా ఇచ్చేటప్పుడు పెళ్లిళ్లకనీ, మందులకనీ రాయిస్తాం. ఈసారి ఒక పద్దు 'ఎండాకాలం అద్దె' అని తెరవమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. వింతగా ఉన్నా ఆ పేరే పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు గడిస్తే జూన్‌లో పిల్ల బడిలో ఉంటుంది.

వచ్చే ఎండాకాలానికి మా కోరికలు చిన్నవి. దర్జీ సోదరులు పీలికలు పారెయ్యకుండా ఒక గోనెసంచిలో వెయ్యండి. రంగురంగులవి వేరుగా, తెల్లనూలు వేరుగా. పాలిస్టరు వద్దు, రంగు పట్టదు. పాత పంచెలు, తలగుడ్డలు ఉతికి ఇవ్వండి. చింతకాయ దంచే ఇళ్లవాళ్లు గింజలు దాచండి. పని తెలిసిన పెద్దలు, కళాయి వేసినవాళ్లు, పతంగులు కట్టినవాళ్లు, బీదరు పని చూసినవాళ్లు, ఎవరైనా సరే పిలవకపోయినా రండి. మాస్టర్లం కాదని సిగ్గుపడకండి. ఆడవాళ్లలో నేర్పేవాళ్లు ఈ ఏడు ఇద్దరే వచ్చారు. వాళ్లు వచ్చిన రోజుల్లో ఆడపిల్లలు రెట్టింపయ్యారు. కనీసం ఐదుగురు కావాలి.

నల్లరంగు కుండ మాత్రం ముందుగానే పెట్టాలి. తరగతులు మే మొదట్లో మొదలైతే బెల్లం నీళ్లు ఏప్రిల్ మొదటి వారానికల్లా కుండలో ఉండాలి. చాచా కుండ ఇస్తానన్నాడు. మేకులు కావాలి, బాగా తుప్పుపట్టినవి. ఇంటికి పాతిక చొప్పున తెచ్చి షాదీఖానా గుమ్మం దగ్గర డబ్బాలో వేసి వెళ్లండి. సెలవు.